యుద్ధ ఛాయాచిత్రణం

యుద్ధ ఛాయాచిత్రణం అనగా యుద్ధాలను, సాయుధ తిరుగుబాట్లను, వాటివలన ప్రజల జీవితంలో కలిగే మార్పులను ఫొటోల ద్వారా నమోదు చేసి పత్రికలు, ఇతర ప్రచార సాధనాల ద్వారా పాఠకులకు అందజేసే ప్రక్రియ. ఇది ఫొటో జర్నలిజంలో ఒక శాఖ. దీనికి వాడే కెమెరా, పెళ్ళి ఫొటోలకు వాడే కెమెరా సూత్రంలో ఒకటే. ఫొటోగ్రాఫరు ఎక్కడ నిలబడ్డాడు, అక్కడినుండి ఏమి చూడగలిగాడు, చూసినదానికి ఏమని వ్యాఖ్య రాశాడు అన్న మూడు విషయాలలోనే తేడా ఉన్నది. ఫొటో అబద్ధం చెప్పదని చాలామందికి నమ్మకం. ఆ నమ్మకం వలననే ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా పాఠకుడు పూర్తిగా మోసపోతాడు.

తెలుగు ప్రాంతాలలో రంప తిరుగుబాటు, తెలంగాణ సాయుధ పోరాటం, ఆ తరువాతి నక్సలైటు ఉద్యమం ఈ విషయానికి సంబంధించిన ముఖ్య ఘట్టాలు. ఒక్క ఫొటో కూడా లేకుండా శతాబ్దాలపాటు జ్ఞాపకంలో నిలిచిన యుద్ధానికి ఉదాహరణగా పూర్వపు వరంగల్ జిల్లాలోని మేడారం కనిపిస్తుంది.

ఛాయాచిత్రణ ప్రాథమికాంశాలు

కెమెరా ఒక చీకటి పెట్టె. దానికి ముందు లెన్సు (కటకం), వెనుక కాంతిని గ్రహించే ఫిల్ము లేదా సెన్సారు ఉంటాయి. ఎంత కాంతి లోపలికి రావాలో నిర్ణయించేవి రెండు. అపర్చరు అనేది లెన్సులోని ద్వారం పరిమాణం. షట్టరు వేగం అనేది ఆ ద్వారం గుండా కాంతి పడే కాలం. వచ్చిన కాంతికి ఫిల్ము లేదా సెన్సారు ఎంత త్వరగా స్పందించాలో తెలిపే సంఖ్యను ఐ.ఎస్.ఓ. అంటారు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించి సమతూకం తేవాలి. ఉదాహరణకు 1/125 సెకను, ఎఫ్/8 వద్ద వచ్చే కాంతే 1/500 సెకను, ఎఫ్/4 వద్దా వస్తుంది. ఎఫ్ పక్కన సంఖ్య తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుందన్న విషయం కొత్తగా నేర్చుకొనేవారిని మొదట తికమకపెడుతుంది.

కాంతి పరిమాణం ఒకటే అయినా ఆ రెండు చిత్రాలూ ఒకటి కావు. మొదటిదానిలో ముందున్న మనిషి, వెనుకనున్న ఇల్లు రెండూ స్పష్టంగా ఉంటాయి, కాని పరుగెత్తే కాలు చెదిరిపోవచ్చు. రెండవదానిలో పరుగెత్తే కాలు నిలిచిపోతుంది, వెనుకనున్న ఇల్లు మసకబారుతుంది. మనిషి ఎవరి ఇంటి ముందు నిలబడి ఏడుస్తున్నాడో పాఠకునికి తెలియాలంటే మొదటి పద్ధతే మేలు. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది అందానికి సంబంధించినది మాత్రమే కాదు, ఏ సమాచారం మిగలాలన్నదానికి సంబంధించినది కూడా.

లెన్సు నాభ్యంతరం మరొక ముఖ్యాంశం. 35 మి.మీ. ఫిల్ము కెమెరాకు 28 లేదా 35 మి.మీ. లెన్సు విశాలమైన దృశ్యాన్ని పట్టుకుంటుంది. ముఖం పెద్దదిగా రావాలంటే మాత్రం ఫొటోగ్రాఫరు ఆ మనిషికి రెండు మూడు అడుగుల దూరంలోకి పోవాలి. 200 మి.మీ. లెన్సుతో దూరాన నిలబడే ముఖాన్ని పట్టుకోవచ్చు. అయితే అటువంటి దూరం నుండి తీసినప్పుడు ముందువెనుకల మధ్య ఉన్న ఎడం కుదించుకుపోయి, పలుచగా ఉన్న గుంపు కూడా కిక్కిరిసినట్లు కనిపిస్తుంది. ఊరేగింపుల ఫొటోలు చూసి జనసంఖ్యను అంచనా వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తొలి యుద్ధ ఛాయాచిత్రాలు

యుద్ధాన్ని విస్తారంగా చిత్రించిన తొలి ఫొటోగ్రాఫర్లలో ఆంగ్లేయుడు రోజర్ ఫెంటన్ ప్రసిద్ధుడు. ఈయన 1855లో క్రిమియా యుద్ధరంగానికి వెళ్ళి మూడు వందలకు పైగా చిత్రాలు తీశాడు. అప్పటి పద్ధతిలో గాజు పలకపై రసాయనం పూసి, అది తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటిగదిలో కడగవలసి ఉండేది. ఇందుకోసం ఈయన ఒక గుర్రపు బండినే చీకటిగదిగా మార్చుకొని వెంట తీసుకువెళ్ళాడు. ఒక్కొక్క ఫొటోకు కొన్ని సెకన్ల కాలం పట్టేది. అందువలన పోరాడుతున్న సైనికుడు ఈ చిత్రాలలో ఉండడు. కూర్చున్న అధికారులు, గుడారాలు, ఖాళీ లోయలు ఉంటాయి. ఫిరంగి గుండ్లు పడివున్న ఒక లోయను ఈయన రెండుసార్లు చిత్రించాడు. ఒకదానిలో గుండ్లు బాటపై ఉన్నాయి, రెండవదానిలో బాట ఖాళీగా ఉన్నది. గుండ్లను ఎవరైనా బాటపైకి జరిపారా అన్న చర్చ నేటికీ సాగుతున్నది.

భారతదేశంలో ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఎదురవుతుంది. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత 1858లో ఫెలిచే బియాటో లక్నో చేరి సికందర్ బాగ్ శిథిలాల ముందు మానవ అస్థికలు చెల్లాచెదరుగా పడివున్న దృశ్యాన్ని చిత్రించాడు. పోరు జరిగినది 1857 నవంబరులో. చిత్రం నెలల తరువాతది. దృశ్యం ఫొటో కోసం అమర్చబడినదని చరిత్రకారుల అభిప్రాయం. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో గెటిస్‌బర్గ్ వద్ద అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం ఒక సైనికుని శవాన్ని వేరొక చోటికి మోసుకుపోయి, పక్కన తుపాకి నిలబెట్టి ఫొటో తీసినట్లు 20వ శతాబ్దంలో జరిగిన పరిశోధన తేల్చింది. చనిపోయినది నిజమే, యుద్ధమూ నిజమే. ఆ మనిషి అక్కడ, ఆ తుపాకితో చనిపోయాడన్న కథ మాత్రం కల్పితం. ఫొటోలో అబద్ధం సాధారణంగా ఇటువంటి చోటనే ఉంటుంది.

1925లో లైకా వంటి చిన్న కెమెరాలు విపణిలోకి వచ్చిన తరువాత ఫొటోగ్రాఫరు సైనికునితోపాటు పరుగెత్తగలిగాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1936లో రాబర్ట్ కాపా తీసిన, తూటా తగిలి ఒరిగిపోతున్న సైనికుని చిత్రం ఈ మార్పుకు గుర్తు. అయితే అది చెప్పిన చోట తీసినది కాదనీ, బహుశా అభినయించినదనీ తరువాత వాదనలు వచ్చాయి. ఇదే కాపా 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికులతోపాటు నీటిలోకి దిగి తీసిన చిత్రాలలో కొన్ని మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటి బాగా చెదిరిపోయి ఉంటుంది. నీటిలో పడివున్న సైనికుని ముఖం సరిగా ఆనదు. పాఠ్యపుస్తకం ప్రకారం అది పాడైన ఫొటో. ఆ చెదరడంలోనే చేతి వణుకు, అలల తాకిడి పాఠకునికి అందుతాయి. కాపా 1954లో ఇండోచైనాలో మందుపాతర పేలి మరణించాడు.

చిత్రం ప్రభావానికి కారణాలు

యుద్ధ చిత్రం అనగానే తుపాకులు, ట్యాంకులు, పొగ గుర్తుకు వస్తాయి. కాని జ్ఞాపకంలో నిలిచిన చిత్రాలలో ఆయుధం కంటె మనిషి ముఖమే ముందు ఉంటుంది. వియత్నాంలో 1972 జూన్ 8న ట్రాంగ్ బాంగ్ గ్రామం వద్ద నాపామ్ దాడిలో ఒళ్ళు కాలి రోడ్డుపై ఏడుస్తూ పరుగెత్తిన బాలిక చిత్రంలో విమానం లేదు, బాంబు లేదు. వెనుక పొగ, కొందరు సైనికులు, ముందు పిల్లలు. ఆ బాలిక చేతులు దూరంగా చాచి ఉండడం వలన ఒంటిపై మంట ఎక్కడ ఉన్నదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఈ చిత్రం అసోసియేటెడ్ ప్రెస్ సంస్థకు చెందిన నిక్ ఉట్ పేరుతో 1973లో పులిట్జర్ బహుమతి పొందింది. దీనిని తీసినది వేరొకరు కావచ్చునన్న వాదన రావడంతో 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ తన రికార్డులో రచయిత పేరును నిలిపివేసింది. అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం నిక్ ఉట్ పేరునే కొనసాగించింది. ఏభై ఏళ్ళు గడిచినా ఎవరు తీశారన్నదే తేలకపోవడం ఈ రంగంలో నమోదు ఎంత బలహీనమో తెలుపుతుంది.

సైగాన్ వీధిలో 1968 ఫిబ్రవరి 1న ఒక అధికారి బందీ కణతకు పిస్తోలు గురిపెట్టి కాల్చిన క్షణాన్ని ఎడ్డీ ఆడమ్స్ చిత్రించాడు. కూర్పు, సమయం, స్పష్టత అన్నీ కుదిరిన చిత్రమిది. అయినా దాని రచయితకే అది తృప్తినివ్వలేదు. ఆ క్షణానికి ముందు ఏమి జరిగిందో చిత్రం చెప్పదనీ, దానివలన ఆ అధికారి జీవితం నాశనమయిందనీ ఆయన తరువాతి కాలంలో బాధపడ్డాడు. సెకనులో 500వ వంతు కాలంలో తీసిన చిత్రానికి ఆ వంతుకు ముందు, వెనుక ఉన్న కాలమంతా తెలియదు. ఆ లోటును పూడ్చవలసినది వ్యాఖ్య.

వ్యాఖ్య అనగా ఫొటో కింద వేసే వాక్యం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. ఫొటోగ్రాఫరు తాను చూసినదీ, ఇతరులు చెప్పినదీ వేరుచేసి రాయాలి. కొత్తవారు లెన్సుల ఎంపికపై పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీనిపై పెట్టరు. విద్యార్థులకు ఒక సులభమైన అభ్యాసం ఉన్నది: దినపత్రికలో వచ్చిన ఏదైనా ఘర్షణ చిత్రం కింది వ్యాఖ్యను చేతితో మూసి, చిత్రంలో నిజంగా కనిపిస్తున్నదేమిటో కాగితంపై రాసి, ఆ తరువాత వ్యాఖ్యతో సరిపోల్చాలి. రెండింటి మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఆశ్చర్యం కలిగిస్తుంది.

భారతీయులలో కిశోర్ పరేఖ్ కృషి ప్రత్యేకమైనది. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో ఏ పత్రికా పంపకుండానే సొంతంగా వెళ్ళి, సుమారు రెండు వారాలలో తీసిన చిత్రాలనుండి 67 ఎంచి పుస్తకంగా ప్రచురించాడు. రాయిటర్స్ సంస్థకు చెందిన దానిష్ సిద్దిఖీ రోహింగ్యా శరణార్థుల చిత్రాలకు 2018లో పులిట్జర్ పొందిన బృందంలో సభ్యుడు. ఈయన 2021 జూలై 16న ఆఫ్ఘనిస్తాన్‌లోని స్పిన్ బోల్డక్ వద్ద ప్రభుత్వ దళాలకు, తాలిబాన్లకు మధ్య జరిగిన పోరును చిత్రిస్తూ మరణించాడు.

తెలుగు నేలపై

హైదరాబాదు సంస్థానంలో ఛాయాచిత్రణకు పేరు తెచ్చినవాడు ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీనదయాళ్ (1844-1905). ఈయన సైనిక విన్యాసాలను, అధికారులను, కోటలను అద్భుతంగా చిత్రించాడు. అవి పాలకుల కోసం తీసిన చిత్రాలు. వాటిలో సైన్యం ఉంటుంది, యుద్ధం ఉండదు.

తిరుగుబాటుదారుల విషయంలో కెమెరా చాలాకాలం ఎదుటిపక్షం చేతిలోనే ఉన్నది. రంప తిరుగుబాటు నాయకుడు అల్లూరి సీతారామరాజు 1924 మే 7న పట్టుబడి కాల్చివేయబడిన తరువాత ఆయన భౌతికకాయానికి ఫొటో తీశారు. చంపినవారికి అది రుజువు, ప్రజలకు గాయం. తెలుగువారి మనసులో ఉన్న విల్లు పట్టిన కాషాయధారి రూపం విగ్రహాలనుండి, 1974లో వచ్చిన చలనచిత్రంలోని కృష్ణ వేషం నుండి వచ్చినదే కాని ఆ ఫొటోనుండి వచ్చినది కాదు. 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పులలో మరణించిన కొమురం భీము రూపం కూడా చిత్రకారులు, శిల్పులు ఊహించినదే.

తెలంగాణ సాయుధ పోరాటం (1946-51) నాటికి పరిస్థితి కొంత మారింది. అస్సాంలో పుట్టి కలకత్తాలో పెరిగిన సునీల్ జానా (1918-2012) 1943 బెంగాల్ కరవు చిత్రాలతో పేరు పొంది, కమ్యూనిస్టు పార్టీ పత్రికలకు ఫొటోగ్రాఫరుగా పనిచేశాడు. తెలంగాణ గెరిల్లాల చిత్రాలు కూడా ఈయన కృషిలో భాగం. ఇక్కడ కెమెరా తిరుగుబాటుదారుల పక్షాన నిలబడింది. అలాగని ఆ చిత్రాలను పరీక్షించకుండా అంగీకరించరాదు. రహస్యంగా తిరిగే దళాన్ని దాని అనుమతి లేకుండా దగ్గరనుండి చిత్రించడం దాదాపు అసాధ్యం. తుపాకి పట్టుకొని కెమెరా వైపు నిలబడడం పోరాడడం కాదు, తమను లోకం ఎలా చూడాలని కోరుకుంటున్నారో చెప్పడం. చరిత్ర విద్యార్థికి ఆ కోరిక కూడా విలువైన ఆధారమే.

ప్రభుత్వ పక్షాన 1948 సెప్టెంబరు పోలీసు చర్య ముగింపులో మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ భారత సేనాని మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయిన సందర్భపు చిత్రం ప్రసిద్ధం. ఇద్దరు యూనిఫారం ధరించిన అధికారులు మర్యాదగా ఎదురెదురుగా నిలబడి ఉంటారు. అంతకు మూడు వారాల ముందు, 1948 ఆగస్టు 27న, రజాకార్ల దాడిలో బైరాన్‌పల్లి గ్రామస్థులు సామూహికంగా బలయ్యారు. ఆ ఊరి గురించి పుస్తకాలలో, పత్రికలలో కనిపించేది ఎక్కువగా గ్రామస్థులు కాపలాకు వాడుకొన్న బురుజు ఫొటో. ఒకే కాలపు రెండు ఘటనలలో ఒకటి సంతకమంత స్పష్టంగా, మరొకటి రాతి కట్టడంగా మాత్రమే మిగిలింది. బురుజు చిత్రం పక్కన సరైన వ్యాఖ్య లేకపోతే అది ఏ ఊరిలోనైనా ఉండే పాత బురుజే.

ఎన్‌కౌంటరు ఫొటోలు

1970ల నుండి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాదు జిల్లాల పాఠకులకు యుద్ధ చిత్రమంటే ఎక్కువగా ఎన్‌కౌంటరు ఫొటోయే. నేలపై వరుసగా శవాలు, పక్కన తుపాకులు, కిట్ బ్యాగులు, కొన్నిసార్లు వెనుక నిలబడిన పోలీసులు. దినపత్రికల జిల్లా అనుబంధాలలో ఇవి తరచుగా కనిపించేవి. మేడారం చుట్టుపక్కల ఉన్న ఏటూరునాగారం, తాడ్వాయి అడవులు కూడా ఇటువంటి వార్తలతోనే పత్రికలకెక్కాయి. 2024 డిసెంబరు 1న ఏటూరునాగారం మండలం చల్పాక అడవిలో జరిగిన ఘటనలో ఏడుగురు మావోయిస్టులు మరణించారు.

ఇటువంటి చిత్రం ఏమి రుజువు చేస్తుంది? ఫొటో తీసిన సమయానికి ఆ వ్యక్తి మరణించి ఉన్నాడని, ఆ తుపాకి అతని పక్కన ఉన్నదని. అంతే. ఎవరు ముందు కాల్చారు, ఎంత దూరం నుండి కాల్చారు, తుపాకి ముందునుండి అక్కడే ఉన్నదా అన్నవి చిత్రంలో లేవు. కాల్పులు ముగిసిన తరువాత అనుమతి పొంది అక్కడికి చేరిన విలేఖరి వాటిని చూడలేదు. పోలీసులు చెప్పినది అబద్ధమని గాని, పౌరహక్కుల సంఘాలు చెప్పినదే నిజమని గాని ఫొటో తేల్చదు. కాబట్టి "పోలీసుల కథనం ప్రకారం" అన్న మాట ఆ వ్యాఖ్యలో తప్పనిసరిగా ఉండాలి. గెటిస్‌బర్గ్ సైనికుని పక్కన నిలబెట్టిన తుపాకి గురించి తెలిసిన పాఠకుడు ఈ మాట ఉన్నదో లేదో వెదుకుతాడు. మరణించినవారి తల్లిదండ్రులు ఆ పత్రికను మరునాడు ఉదయం చూస్తారన్న సంగతి కూడా ముఖం స్పష్టంగా వేయాలా వద్దా అన్న నిర్ణయంలో లెక్కకు రావాలి.

మేడారం

మేడారం ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, 2019 నుండి ములుగు జిల్లాలో, సమ్మక్క సారలమ్మ తాడ్వాయి మండలంలో ఉన్న గ్రామం. వరంగల్ నగరానికి సుమారు 100 కి.మీ. దూరం. ఐతిహ్యం ప్రకారం కరవు కారణంగా కప్పం కట్టలేకపోయిన కోయ పాలకుడు పగిడిద్దరాజుపై కాకతీయ సైన్యం దండెత్తింది. పగిడిద్దరాజు, కుమార్తె సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో మరణించారు. కుమారుడు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం విడిచాడు. అప్పటినుండి అది జంపన్నవాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి అదృశ్యమైంది. వెదికినవారికి కుంకుమ భరిణ దొరికింది.

ఈ యుద్ధానికి చిత్రం లేదు, విగ్రహం కూడా లేదు. రెండేళ్ళకు ఒకసారి మాఘ పౌర్ణమి రోజులలో జరిగే నాలుగు రోజుల జాతరలో వెదురు, కుంకుమ భరిణలే దేవతలకు ప్రతిరూపాలు. క్యాలెండర్లలో, ఫ్లెక్సీలలో కనిపించే పులిపై కూర్చున్న రూపాలు తరువాతి చిత్రకారుల కల్పన. 1996లో రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందిన ఈ జాతర 2024లో ఫిబ్రవరిలో, 2026లో జనవరి చివరలో జరిగింది.

ఫొటోగ్రఫీ నేర్చుకొనేవారికి ఈ జాతర కఠినమైన పాఠశాల. తెలంగాణ జనజీవితాన్ని విస్తృతంగా చిత్రించిన గుడిమళ్ళ భరత్ భూషణ్ (మరణం 2022) వరంగల్ వాడే. గద్దెల వద్ద జనం తోపులాటలో మోచేతులు ఆడవు. దుమ్ము లెన్సులో చేరుతుంది. సారలమ్మ కన్నెపల్లి నుండి గద్దెకు చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడ ఫ్లాష్ వేస్తే ముందున్న తలలు తెల్లగా, వెనుకనున్నదంతా నల్లగా వస్తుంది. ఐ.ఎస్.ఓ. పెంచి, ద్వారం పూర్తిగా తెరచి, అందుబాటులో ఉన్న దీపాల వెలుగుతో తీయడమే మార్గం. 1/60 సెకను దగ్గర చేతులు బిగపట్టి నిలబడడం ఇక్కడ అలవాటైతే ఎక్కడైనా పనికివస్తుంది. నిచ్చెనెక్కి దూరంనుండి 200 మి.మీ. లెన్సుతో తీస్తే జనసముద్రం వస్తుంది. అది ప్రతి జాతరకూ ప్రతి పత్రికలో వచ్చే చిత్రమే. తలపై బెల్లం (భక్తులు దీనిని బంగారం అంటారు) మోస్తూ గంటలు నిలబడిన ఒక స్త్రీ ముఖం కావాలంటే ఆమె పక్కన ఆ గంటలూ నిలబడాలి.

రెండవ రోజు సమ్మక్కను చిలకలగుట్ట నుండి తీసుకువచ్చేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం పలకడం ఆనవాయితీ. ఆ క్షణపు ఫొటోలో తుపాకి, పొగ, ఎత్తిన చేతులు, అరుస్తున్న ముఖాలు అన్నీ ఉంటాయి. వ్యాఖ్య తీసివేసి దూరదేశంలోని వ్యక్తికి చూపితే జనంపై కాల్పులని అనుకోవచ్చు. నిజానికి ఒకనాడు ఒక పాలకుని సైన్యం ఎవరిని చంపిందని ఐతిహ్యం చెబుతున్నదో, ఆమెకే ఈనాటి ప్రభుత్వ బలగం చేస్తున్న వందనం అది. ఈ సంగతి ఏ లెన్సుకూ అందదు, రెండు వాక్యాలలో రాయవలసినదే.

అంతకుముందు గుట్టపై కోయ పూజారులు (వడ్డెలు) జరిపే పూజ రహస్యం. ఇతరులకు ప్రవేశం లేదు. కుంకుమ భరిణను తెచ్చే పూజారి చుట్టూ రోప్ పార్టీ పోలీసులు వలయంగా నడుస్తారు. ఫొటోగ్రాఫర్లు గుట్ట కింద, వలయానికి బయటనే వేచి ఉండాలి.